అప్పు ఏడాదిలో తీరాలా, ఇరవై ఏడు నెలల్లోనా: కర్నూలు నుంచి అడిగిన ఒక ఇల్లాలికి జవాబు

అమ్మా, మీరు రాసిన లెక్కను ముందు ఒకచోట పెడతాను, చదివే మిగిలినవారికి కూడా ఈ జవాబు దేని మీద ఆధారపడిందో తెలియాలి కాబట్టి. మీరు కర్నూలులో అద్దె ఇంట్లో ఉంటున్నారు. మీవారి చేతికి వచ్చే జీతం 46,000, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే మీకు వచ్చేది 17,000, మొత్తం 63,000 రూపాయలు. ఇద్దరు పిల్లలు, షుగరు ఉన్న అత్తగారు. 14 శాతం వడ్డీ మీద తీసుకున్న పర్సనల్ లోన్‌లో ఇంకా 3,40,000 మిగిలి ఉంది, దానికి నెలకు 11,200 కంతు. తెలిసినవారి దగ్గర ప్రాంసరీ నోటు రాసి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది 2 లక్షలు. క్రెడిట్ కార్డు మీద 80,000. బండికి నెలకు 3,100 చొప్పున ఇంకా తొమ్మిది కంతులు. ఇవి కాక, ఇరవై నెలల లక్ష రూపాయల చీటీలో పన్నెండు కంతులు కట్టి ఉన్నారు, ఇంకా పాడలేదు. మీవారికి 41 ఏళ్లు, బీపీ 146/94 చూపించింది, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. ఆయన ఆలోచన ఏమిటంటే, రాత్రి పూట పది వేలు వచ్చే మరో పనికి ఒప్పుకోవడం, ఆరోగ్య బీమా ప్రీమియం ఈసారికి ఆపేయడం, అత్తగారి మాత్రలను రోజు విడిచి రోజు వేయడం, ఇలా అన్నీ కలిపి ఏడాదిలో అప్పు లేకుండా చేసుకోవడం. ఇది సరైన దారేనా, ఒకవేళ అదే దారి పడితే నడకకు, ఇంటి వంటకు, పిల్లలకు సమయం ఎక్కడి నుంచి తేవాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఉద్యోగ జీవితమంతా ఈ జిల్లాలోనూ పక్క జిల్లాల్లోనూ బ్యాంకు శాఖల్లో రుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. వైద్యం నా పని కాదు కాబట్టి ఆరోగ్యం గురించి అందరూ ఒప్పుకున్న సంగతులు మాత్రమే చెబుతాను, మందుల విషయంలో మీ డాక్టరు మాటే చివరిది. నా అభిప్రాయం సూటిగా ఇది: అప్పు తీర్చాలన్న పట్టుదలను వదలకండి, ఏడాది అన్న గడువును వదలండి. అంతకంటే ముఖ్యంగా, ఆ మూడు ఆలోచనల్లో బీమా ఆపడం, మందులు తగ్గించడం అనేవి పొదుపు కిందికి రావు. అవి రేపటి అప్పుకు ఇప్పుడే సంతకం పెట్టడం లాంటివి.

ముందు డబ్బు సంగతి. ప్రస్తుతం మీరు పర్సనల్ లోన్‌కు 11,200, బండికి 3,100, నోటు వడ్డీకి 4,000, కార్డుకు కనీస మొత్తంగా 4,000, చీటీకి 5,000, మొత్తం 27,300 కడుతున్నారు. అద్దె, ఫీజులు, సరుకులు, పాలు, గ్యాసు, మందులు, పెట్రోలు, కరెంటు కలిపి మీరు రాసిన ఖర్చు 33,200. మిగిలేది 2,500. ఆ నెలలో ఒక పెళ్లి వచ్చినా, ఒక జ్వరం వచ్చినా అది కార్డు మీద పడుతుంది. మీకు ఆదాయం తక్కువై ఈ ఇబ్బంది వచ్చిందని నేను అనుకోవడం లేదు. కడుతున్న 27,300లో అప్పును నిజంగా తగ్గిస్తున్న భాగం చాలా తక్కువ, అసలు చిక్కు అక్కడుంది.

కార్డునే తీసుకోండి. మీ కార్డు స్టేట్‌మెంటులో నెలకు 3.5 శాతం అని ఉందని రాశారు. 80,000 మీద నెల వడ్డీ 2,800, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 504, కలిపి 3,304. మీరు కట్టే నాలుగు వేలలో ఇది పోగా అసలులో తగ్గేది 696 రూపాయలు. పైగా పాత బాకీ పూర్తిగా కట్టనంతకాలం కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి కార్డు మీద మీరు కొన్న ఇంటి సరుకులకు కూడా మీకు తెలియకుండా వడ్డీ కడుతూ వచ్చారు. నోటు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది: రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మీరు నెలనెలా ఇచ్చే నాలుగు వేలలో ఒక్క రూపాయి కూడా అసలుకు చేరదు. వారు ఎంత మర్యాదగా అడుగుతున్నా, పదేళ్లు కట్టినా ఆ రెండు లక్షలు రెండు లక్షలుగానే ఉంటాయి.

ఇప్పుడు చీటీ. ఇంకా పాడని చీటీ చేతిలో పెట్టుకుని కార్డుకు వడ్డీ కట్టడం మన ఊళ్లలో చాలామంది చేసే పని, దాన్ని పొదుపు అనుకుంటారు. మీకు మిగిలినవి ఎనిమిది కంతులు. రాబోయే పాటలో పన్నెండు వేలు తగ్గించి పాడారనుకుందాం, 88,000 చేతికి వస్తుంది. చివరిదాకా ఆగితే కమీషన్ పోగా ఇంకొంచెం ఎక్కువ వచ్చేదే, నిజమే. అయితే ఆ ఎనిమిది నెలలూ కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే కార్డు తినేది పాతిక వేలకు తగ్గదు. పన్నెండు వేలు వదులుకుని పాతిక వేలు ఆపుకోవడం నష్టం కాదు. చీటీ డబ్బు అందిన రోజే కార్డు బాకీని ఆ నెల వడ్డీతో సహా పూర్తిగా కట్టేయండి. నాలుగైదు వేలు మిగులుతాయి, వాటి పని తరువాత చెబుతాను. పాట పాడాక మిగిలిన కంతులకు జామీను అడుగుతారు కాబట్టి, జీతం స్లిప్పులు, జామీను ఉండేవారి కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. లేకపోతే పాట మీదే అయినా డబ్బు చేతికి రావడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో కార్డు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈ మాటలన్నీ రిజిస్టరు అయిన చీటీకే వర్తిస్తాయి. ఊరికే నోటి మాట మీద నడిచే చీటీ అయితే పాటకు ఇంకా తొందరపడండి.

నోటు అప్పును బంగారం మీద బ్యాంకులో రుణం తీసుకుని తీర్చమనే నా సలహా. మీరు తాకట్టుకు వెనకాడుతున్నారని అర్థమైంది, ఒంటి మీది బంగారం బ్యాంకులో ఉందంటే బీగులు ఏమనుకుంటారో అన్న భయం కూడా మీ రాతలో కనిపించింది. ఒక్కసారి లెక్క చూడండి. బ్యాంకులో సుమారు తొమ్మిదిన్నర శాతానికి 2 లక్షలు తీసుకుంటే నెల వడ్డీ 1,583. నోటుకు కట్టే నాలుగు వేలతో పోలిస్తే నెలకు 2,400 మిగులుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు రుణానికి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. ధర పెరిగి ఉన్నందువల్ల మీ నగల్లో కొంత భాగమే సరిపోతుంది, మిగిలినవి ఇంట్లోనే ఉంచుకోవచ్చు. ఎక్కువ ఇస్తామన్నారు కదా అని మాత్రం రెండు లక్షలకు మించి ఒక్క రూపాయి తీసుకోకండి. రాళ్లు పొదిగిన నగలను పెట్టకండి, రాళ్ల బరువు లెక్కలోకి రాదు. ఏడాదికి గడువు ముగిసేటప్పుడు వడ్డీ కట్టి తిరగరాయించుకోవడం మాత్రమే చేస్తూ పోతే బంగారం ఇంటికి రాదు, వేలం నోటీసు వస్తుంది. అందుకే నెలనెలా అసలులో కొంత కట్టే ఏర్పాటుతోనే ఈ పని మొదలుపెట్టాలి.

నోటు తీర్చే రోజున ఎలా తీర్చాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాట్లు కోర్టుల దాకా వెళ్లడం చూశాను. డబ్బును బ్యాంకు ఖాతా ద్వారానే పంపండి, చేతికి ఇవ్వకండి. అసలు నోటును అడిగి చేతిలోకి తీసుకుని చూడండి, జిరాక్సు చూపిస్తే ఒప్పుకోకండి. నోటు వెనుక ఇంతకుముందు కట్టిన వడ్డీలకు చెల్లు రాశారో లేదో గమనించండి, నోటు గడువు మామూలుగా మూడేళ్లు, సంతకంతో చెల్లు పడినప్పుడు ఆ గడువు అక్కడి నుంచి కొత్తగా మొదలవుతుంది. అసలు, వడ్డీ పూర్తిగా ముట్టినట్టు తేదీతో రాయించి సంతకం తీసుకుని, నోటును ఇంటికి తెచ్చుకోండి. అప్పు తెచ్చినప్పుడు ఖాళీ చెక్కులేమైనా సంతకం చేసి ఇచ్చి ఉంటే, నోటు కంటే ముందు వాటిని అడగండి. అప్పిచ్చినవారు మంచివారే కావచ్చు, కానీ ఆ చెక్కు రేపు ఎవరి చేతిలో ఉంటుందో వారు కూడా చెప్పలేరు. చెక్కు చెల్లకపోతే వచ్చేది క్రిమినల్ కేసు.

ఈ రెండు పనులతో కార్డుకు పోయే 4,000, వడ్డీలో తగ్గే 2,400, ముందునుంచీ మిగిలే 2,500 కలిసి నెలకు 8,900 రూపాయలు మీ చేతిలో ఉంటాయి. దీన్ని ఇలా విడదీయమంటాను. బంగారం రుణం అసలుకు 6,000. ఆరోగ్య బీమా కోసం 1,500, అంటే ఏడాదికి మీరు రాసిన 18,000. చదివింపులకు, పండుగలకు 1,000. మిగిలిన నాలుగు వందలు వంటింటికి. ఎనిమిది నెలలకు చీటీ, తొమ్మిదో నెలకు బండి అయిపోతాయి, ఆ 8,100 కూడా వచ్చిన నెల నుంచే బంగారం రుణానికి మళ్లించాలి. ఏడాది చివరికి ఆ రుణం లక్షకు లోపు దిగుతుంది, ఇరవై నెలలకు అటూఇటుగా నగలు ఇంటికి వస్తాయి. అప్పటికి పర్సనల్ లోన్‌లో సుమారు 1,78,000 ఉంటుంది. మొత్తం బలం దాని మీద పెడితే మరో ఏడు నెలల్లో అదీ తీరుతుంది. మొత్తం ఇరవై ఏడు నెలలు. పర్సనల్ లోన్లు ఎక్కువగా స్థిర వడ్డీవి కాబట్టి ముందుగా కడితే రుసుము ఎంతో ఒప్పంద పత్రంలో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

వడ్డీ ఎక్కువ ఉన్నదాన్ని ముందు తీర్చాలా, చిన్న అప్పును ముందు తీర్చి ఊరట పొందాలా అని చాలామంది వాదిస్తుంటారు. మీ విషయంలో ఆ వాదనే అవసరం లేదు. మీ కార్డే చిన్నది, మీ కార్డే ఖరీదైనది.

మీవారు చెప్పిన రాత్రి పనిని కూడా నిజాయితీగా లెక్కిద్దాం. నెలకు పది వేలు అదనంగా వచ్చి, అదంతా అప్పుకే పోతే, ఇరవై ఏడు నెలలు పందొమ్మిదికి తగ్గుతాయి. గమనించండి, అప్పుడు కూడా ఏడాదిలో తీరదు. తగ్గే వడ్డీ నా లెక్కకు పాతిక వేల ప్రాంతంలో ఉంటుంది. ఎనిమిది నెలలు ముందు బయటపడటం చిన్న లాభమని నేను అనను. పాతికేళ్ల ఆరోగ్యవంతుడైన కుర్రవాడు అడిగితే చెయ్యి నాయనా అనేవాణ్ని. ఇక్కడ పరిస్థితి వేరు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగరు ఇంకా రాలేదు కానీ గడపలో ఉందని అర్థం, 6.5కు చేరితే వచ్చినట్టే. 140/90 దాటిన కొలత పదే పదే వస్తే అది బీపీ. ఈ దశలో ఉన్న మనిషి పందొమ్మిది నెలలపాటు నాలుగైదు గంటల నిద్రతో, రాత్రి పదకొండు గంటల తిండితో గడిపితే చక్కెర, రక్తపోటు రెండూ పెరుగుతాయి. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలన్నది అందరూ ఒప్పుకున్న మాట.

ఈ దశ నుంచి వెనక్కు రావచ్చునన్నది కూడా ఒట్టి ధైర్యవచనం కాదు. అమెరికాలో జరిగి 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల నడక, శరీర బరువులో ఏడు శాతం తగ్గుదల లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. మన చెన్నై వైద్యులు చేసి 2006లో ప్రచురించిన భారతీయ అధ్యయనంలో ఆ తగ్గుదల 28 శాతం దగ్గర ఆగింది. మనవారిలో ఫలితం తక్కువే, అయినా ఖర్చు లేకుండా దొరికే మందు ఇంకొకటి లేదు. కాబట్టి నిద్రకు, నడకకు ఉన్న గంటలను ఆ రాత్రి పనికి అమ్మవద్దని ఆయనకు చెప్పండి. ఆదాయం పెంచుకోవాలనే ఉంటే వేసవి సెలవుల్లో, పగటి పూట, గడువు ఉన్న పని చూసుకోవచ్చు.

బీమా గురించి. రెండు నెలల్లో ప్రీమియం గడువు ఉందన్నారు. పాలసీని వదిలేసి, అప్పు తీరాక మళ్లీ తీసుకుంటే, అప్పటికే ఉన్న బీపీ వంటి జబ్బులకు మూడేళ్ల వరకు ఎదురుచూసే కాలం కొత్తగా మొదలు కావచ్చు, ప్రీమియం కూడా పెరుగుతుంది, కొన్నిసార్లు పాలసీ ఇవ్వనే ఇవ్వరు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, కాబట్టి పాత రసీదులోని అంకె కాకుండా ఈసారి కట్టాల్సిన అసలు మొత్తం ఎంతో అడగండి. మూడు నెలలకొకసారి కట్టే వీలు చాలా పాలసీలకు ఉంది. చీటీ డబ్బులో కార్డు పోగా మిగిలిన నాలుగైదు వేలతో మొదటి వాయిదా కట్టవచ్చు. ఇంకొక మాట, 21,000 లోపు జీతం ఉన్న ఉద్యోగులకు ఈఎస్ఐ అనే ప్రభుత్వ వైద్య బీమా ఉంది, మీ జీతం ఆ లోపే, మీ బడి అందులో నమోదై ఉందేమో ఆఫీసులో అడగండి. ఉంటే మీకూ మీ కుటుంబానికీ వైద్యం దాని కింద వస్తుంది. చాలామంది జీతంలో కోత పడుతున్నా కార్డు తీసుకోకుండా ఊరుకుంటున్నారు.

అత్తగారి మాత్రల విషయంలో నాకు కోపమే వచ్చింది, దాచుకోను. రోజు విడిచి రోజు వేసుకునే షుగరు మాత్ర సగం ఖర్చుకు సగం పని చేయదు. ఆసుపత్రిలో చేరే పరిస్థితి వస్తే ఒక్క వారంలో మీ ఆరు నెలల ఆదా తుడిచిపెట్టుకుపోతుంది. ఖర్చు తగ్గించే దారి వేరే ఉంది. డాక్టరును కంపెనీ పేర్లు కాకుండా మాత్రల అసలు పేర్లతో మందుల చీటీ రాయమని అడిగి, జన ఔషధి దుకాణంలో తీసుకోండి. మామూలుగా వాడే షుగరు, బీపీ మాత్రలు అక్కడ కంపెనీ పేరున్నవాటి కంటే సగానికి సగం, కొన్ని అంతకన్నా తక్కువకే దొరుకుతాయి. ప్రభుత్వ పట్టణ ఆరోగ్య కేంద్రంలో ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు ఉచితం, మాత్రలు కూడా ఇస్తారు. ఇలా నెలకు ఆదా అయ్యే డబ్బు ఎంతైనా సరే, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో రికరింగ్ డిపాజిట్‌గా వేయండి. అదే మీ అత్యవసర నిధి. అది చిన్నదే అయినా, అర్ధరాత్రి ఫోనులో అప్పు ఇచ్చే యాప్ తెరవకుండా ఆపేది అదే. అటువంటి యాప్‌ల జోలికి వెళ్లవద్దని వేరే చెప్పనక్కరలేదు అనుకుంటాను, బెదిరింపులు వస్తే భయపడి మళ్లీ కట్టకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

తిండి. ఆరోగ్యకరమైన తిండికి డబ్బు ఎక్కువ కావాలన్న మాట ఓట్స్ ప్యాకెట్లు అమ్మేవారు పుట్టించినది. రాయలసీమ వంటింటికి ఆ దిగులు అక్కరలేదు. మీవారు రోజూ ఆఫీసు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ, రెండు టీలతో ఉదయం గడుపుతున్నారని రాశారు. రోజుకు అరవై రూపాయలు అనుకున్నా నెలకు పదిహేను వందల పైమాటే. బొరుగులు చెడ్డవి కావు, వాటి పక్కన నూనెలో వేగిన బజ్జీ, చక్కెర టీ రోజూ ఉండటం చెడ్డది. వారంలో నాలుగు రోజులు రాత్రి రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు, మిగిలిన రోజుల్లో అన్నం కొలత తగ్గించి కూర పెంచడం, ఉదయం ఉడికించిన బుడ్డలు, అంటే వేరుశనగలు, పిడికెడు లేదా గుడ్డు, ఇంతే. జొన్నలు కొని మిల్లులో పట్టించుకుంటే పిండి ప్యాకెట్ కంటే చాలా చౌక. సంగటి మంచిదని రెండు పెద్ద ముద్దలు తింటే చక్కెర పెరగకుండా ఉండదు, అందులో బియ్యం కూడా ఉందని మరవకూడదు. బీపీ ఉన్న ఇంట్లో అసలు శత్రువు ఉప్పు. రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనకు అది కూరలో కంటే ఊరగాయలో, పొడుల్లో, అప్పడాల్లో ఎక్కువగా పోతుంది. పప్పన్నంలో ఊరగాయ బదులు నిమ్మకాయ పిండుకోవడం మొదట్లో చప్పగా ఉంటుంది, రెండు మూడు వారాలకు నాలుక సర్దుకుంటుంది.

నడకకు సమయం లేదన్న మాటను నేను నమ్ముతున్నాను. ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరే మనిషిని గంటసేపు అవుట్‌డోర్ స్టేడియంలో తిరగమనడం సులువు, జరగడం కష్టం. అందుకే గంట అడగను. రాత్రి భోజనం తొమ్మిదికి కాక ఎనిమిదికి ముగించి, పావుగంట ఇద్దరూ వీధిలోనో మిద్దె మీదనో నడవండి. భోజనం తరువాతి నడక చక్కెరను పెరగకుండా ఆపడంలో బాగా పనిచేస్తుంది. కర్నూలు ఎండల్లో మార్చి నుంచి జూను దాకా సాయంత్రం నడక ఎలాగూ కుదరదు, రాత్రే మేలు. ఆదివారం ఉదయం సీ క్యాంపు రైతు బజారుకు బండి ఇంట్లో పెట్టి సంచితో నడిచి వెళ్లిరండి, మీ ఇల్లు అక్కడికి దగ్గరే అన్నారు కదా. వారపు కూరగాయలు, నడక, పెట్రోలు ఆదా మూడూ ఒకే పనిలో అయిపోతాయి. వారానికి 150 నిమిషాలు ఇలా ముక్కలుగా చేరినా లెక్కే.

ఇక ఇంటి సమయం. మీరు ఉదయం నాలుగున్నరకు లేస్తున్నారని, బడి నుంచి వచ్చాక వంట, పిల్లల చదువు, అత్తగారి పని, రాత్రి పదకొండుకు లెక్కలు చూసుకోవడం అన్నీ మీవేనని రాశారు. అందరి పరీక్షల అంకెలూ రాసిన మీరు మీ అంకె ఒక్కటీ రాయలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పనివల్ల అలసట అని మీరు అనుకుంటున్నది రక్తం తక్కువ కావడం వల్ల కావచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. చీటీ డబ్బులో బీమా వాయిదా పోగా చిల్లర ఏమైనా మిగిలితే దాని పని ఇదే. మీవారి జబ్బు రాబోయేదైతే, మీ అలసట ఇప్పటికే వచ్చేసినది. ఈ ప్రణాళిక ఇరవై ఏడు నెలలు నడవాలంటే అందులో మీ నిద్ర కూడా ఒక పద్దు. రాత్రి పనికి పోవాలనుకున్న మనిషికి ఆ శక్తిలో నాలుగో వంతు ఇంట్లో ఖర్చు చేయడం కష్టం కాదు. రాత్రి గిన్నెలు, పిల్లల హోంవర్కు, అత్తగారి మాత్రల డబ్బా నింపడం, ఈ మూడు ఆయనవి అని తేల్చుకోండి. ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి తన బట్టలు తాను మడుచుకోగలడు.

లెక్కలు రాత్రి పదకొండుకు ఒంటరిగా చూడటం మానండి. ఆదివారం మధ్యాహ్నం భోజనం తరువాత ఇద్దరూ కూర్చుని ఇరవై నిమిషాలు ఒక నోటుపుస్తకంలో రాయండి, మిగిలిన ఆరు రోజులు అప్పు మాట ఎత్తవద్దు. ఫోనులో యాప్ కంటే పుస్తకమే మంచిదని నా అనుభవం, అత్తగారు కూడా చదవగలరు. పిల్లల ముందు అప్పిచ్చినవారి పేర్లు, గొడవలు వద్దు, కానీ ఈ ఏడాది కొత్త సైకిల్ కుదరదు అన్న మాట కారణంతో సహా చెప్పవచ్చు. దాచిపెట్టిన ఇళ్లలోనే పిల్లలు ఎక్కువ భయపడటం చూశాను. మీవారు నిద్రపట్టక తిరుగుతున్నారని, ఎందుకీ బతుకు అని ఒకసారి అన్నారని రాశారు. దీన్ని డబ్బు సమస్యలో భాగంగా వదిలేయకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు రోజులో ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు. ఈ పని చీటీ పాట కంటే ముందు జరగాలి. ఆ మాట మళ్లీ అంటే ఫోనుతో ఆగకుండా ఆయనను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, అంతవరకు ఒంటరిగా వదలకండి.

చదివింపుల దగ్గరే చాలా ప్రణాళికలు దెబ్బతింటాయి కాబట్టి ఒక మాట. వచ్చే నెలలో మీ ఆడబిడ్డ కూతురి పెళ్లికి ఉంగరం పెట్టాలని ఇంట్లో అనుకుంటున్నారన్నారు. నెలకు వెయ్యి చొప్పున వేయమన్న సంచిలో అప్పటికి ఎంత ఉంటే అంతే చదివించండి. మన వైపు పెళ్లిళ్లలో ఎవరెంత చదివించారో పుస్తకంలో ఎక్కుతుందన్నది నిజమే, తరువాత మాటలు పడవలసి వస్తుందన్నదీ నిజమే. అందుకే ఈ సంగతిని ఆడబిడ్డతో మీరు కాకుండా మీవారే, పెళ్లికి ముందే, ఫోనులో కాకుండా ఇంటికి వెళ్లి చెప్పాలి. పని మీద సాయం చేస్తామని, రెండు రోజులు ముందే వస్తామని చెబితే సొంతవారు అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోనివారి కోసం కార్డు గీకడం వద్దు. కార్డును రద్దు చేయనక్కరలేదు, పాత కార్డు రుణ చరిత్రకు పనికొస్తుంది, కానీ పరిమితిని ఇరవై వేలకు తగ్గించమని బ్యాంకుకు రాసి, ఫోనులోని షాపింగ్ యాప్‌లన్నింటిలో నుంచి ఆ నంబరు తీసేయండి.

చీటీ పాట ఈ నెల ఇరవయ్యో తేదీన అన్నారు. అప్పటికి జామీను కాగితాలు, బంగారం మీద మీ దగ్గరి రెండు బ్యాంకులు చెప్పే వడ్డీ, మదింపు రుసుము వివరాలు చేతిలో ఉంచుకోండి. పాట 85,000 కంటే తక్కువకు పోయేలా ఉంటే ఆ నెల ఆగి వచ్చే నెల పాడండి, కార్డుకు ఇంకొక నెల వడ్డీ పోయినా ఫరవాలేదు. ఎంతకు పోయిందో, ఈఎస్ఐ గురించి మీ బడివారు ఏమన్నారో తెలిపితే, ఇరవై ఏడు నెలల పట్టికను కంతులతో సహా వేసి పంపుతాను.